కుందేలును మచ్చిక చేసుకోవడం: మొదటిసారి పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో మొదటిసారి కుందేలును తెచ్చుకున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. కుక్కను పెంచిన అలవాటుతో కుందేలు దగ్గరికి వెళ్తే రెండువైపులా ఇబ్బందే. దాని భయం ఎలాంటిదో, దాని ఇష్టం ఎలా బయటపడుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మా ప్రాంతపు ఎండ, ఉక్క, ఇక్కడ దొరికే మేత, ఇక్కడి పండగల చప్పుడు దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను.

తెచ్చి వారమైంది. దగ్గరికెళ్తే పారిపోయి మూల నక్కుతోంది. మేమంటే దానికి ఇష్టం లేదా?

ఇష్టాయిష్టాల దాకా అది ఇంకా రాలేదండి. ప్రస్తుతం దానికున్నది ఒకటే ప్రశ్న: మీరు దాన్ని తింటారా, తినరా? కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉండటం వల్ల వెనకా, పైనా, పక్కనా దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద మాత్రం కనిపించదు. మనం ప్రేమగా వంగి పైనుంచి చెయ్యి చాపితే, దానికి ఆ చెయ్యి గద్ద దిగినట్టే.

అందుకని మొదటి కొన్ని రోజులు ఎవరూ ముట్టుకోవద్దు, ఎత్తుకోవద్దు. చుట్టాలకీ, పక్కింటి పిల్లలకీ చూపించడం కూడా తర్వాతే. ఒక అట్టపెట్టె తీసుకుని ఎదురెదురుగా రెండు కన్నాలు చేసి బోర్లించండి. రెండు దారులుంటేనే లోపల ధైర్యంగా ఉంటుంది. ఒకటే దారైతే ఇరుక్కుపోతానని భయం. అది ఆ పెట్టెలోకి దూరినప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యి పెట్టి బయటికి లాగకండి. ఆ ఒక్క చోటికి మీ చెయ్యి రాదని దానికి నమ్మకం కలగాలి. మిగతా ఇల్లంతా తిరిగే ధైర్యం అక్కడినుంచే వస్తుంది.

మరి మచ్చిక ఎక్కడ మొదలుపెట్టాలి?

నేల మీద. కుర్చీలో కాదు, మంచం మీద కాదు, గచ్చు మీద చాప వేసుకుని కూర్చోండి. తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం దీపం పెట్టే వేళ కుందేలు చురుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం దాని నిద్రవేళ, అప్పుడు కదిలించొద్దు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, దానికి కాస్త పక్కకి తిరిగి కూర్చోండి. దానివంకే చూస్తూ ఉండొద్దు. ఏదైనా పని పెట్టుకోండి: చిక్కుళ్లు ఒలవడం, పేపరు చదవడం, పిల్లల చేత ఎక్కాలు చెప్పించడం. మీ గొంతు దానికి మామూలు చప్పుడు అయిపోవాలి.

అప్పుడు జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. ముందు పెట్టెలోంచి ముక్కు ఒక్కటే బయటికొస్తుంది, ఆ ముక్కు గబగబా అదురుతూ ఉంటుంది. తర్వాత ముందుకాళ్లు మీవైపు జరుగుతాయి, వెనకకాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పారిపోవాల్సి వస్తే తన్నుకుని వెనక్కి దూకడానికి అవి సిద్ధంగా ఉండాలి. ఒళ్లంతా సాగి సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. అలా సాగి సాగి మీ కాలి బొటనవేలిని ముక్కుతో ఒకసారి తాకి, చటుక్కున వెనక్కి గెంతుతుంది. ఆ క్షణంలో మీరు చేయాల్సిందల్లా కదలకుండా ఉండటమే. చెయ్యి చాపారో, అన్నాళ్ల పనీ మొదటికొస్తుంది. కాసేపటికి అది మళ్లీ వస్తుంది. మర్నాడు ఇంకాస్త తొందరగా వస్తుంది. ఓరోజు మీ మోకాలి మీద కాళ్లు పెట్టి, మీ ఒడిలో ఏముందో చూసి పోతుంది.

ఆ దశకి వచ్చాక కొత్తిమీర కాడ ఒకటి, ఆకులు దానివైపు ఉండేలా, చివర పట్టుకుని ఇవ్వండి. మొదట్లో లాక్కుని పారిపోయి తింటుంది. తర్వాత మీ చేతిలో ఉండగానే నములుతుంది. అలా నిలబడి తినడం మొదలయ్యాకే ముట్టుకోవడం. రెండు కళ్ల మధ్యనుంచి నుదుటి మీదుగా చెవుల మొదలు దాకా వేలితో మెల్లగా రాయండి. గడ్డం, పొట్ట, పాదాలు, తోక ముట్టుకోవద్దు, చాలా కుందేళ్లకి నచ్చదు. రెండుసార్లు రాసి చెయ్యి తీసేయండి. తల కిందికి వంచి, గడ్డం నేలకి ఆనించి అలాగే ఉంటే ఇంకా రాయమని అర్థం. లేచి పోతే ఇవాళ్టికి చాలని. వెళ్తానంటే వెళ్లనిస్తారని తెలిసిన కుందేలే తిరిగొస్తుంది. మచ్చికలో కిటుకంతా ఇదేనని నా నమ్మకం.

ఎన్నాళ్లు పడుతుంది?

కొన్నింటికి రెండు మూడు వారాలు, కొన్నింటికి నెలలు. చిన్నప్పుడు మెల్లగా పట్టుకున్నవాళ్ల దగ్గర పెరిగితే తొందరగా, సంతలో గంపలోనూ బోనులోనూ చేతులు మారితే ఆలస్యంగా. సరిగ్గా చూసుకుంటే ఇంట్లో కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఆ లెక్కన నాలుగు నెలలు ఓపిక పట్టడం పెద్ద విషయం కాదు.

ఎత్తుకుని ముద్దు చేయొచ్చా? చెవులు పట్టుకుని ఎత్తాలంటారు కదా?

చెవులు పట్టుకుని ఎత్తడం ఘోరం. చెవుల్లో నిండా రక్తనాళాలు, నరాలు ఉంటాయి. సంతలో అమ్మేవాళ్లు అలా ఎత్తుతారు కాబట్టి అదే పద్ధతనుకోవద్దు. అసలు గాలిలోకి లేపితేనే చాలా కుందేళ్లకి భయం, ఎందుకంటే దాన్ని నేలమీంచి లేపేది దాన్ని తినేవాళ్లే.

ఇంకో ప్రమాదం ఉంది. కుందేలు వెనకకాళ్ల బలం ఎక్కువ, ఎముకలు తేలిక. పట్టు సరిగా లేనప్పుడు గింజుకుని గట్టిగా తన్నితే దాని వెన్ను అదే విరగ్గొట్టుకోగలదు. తప్పనిసరిగా ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి, మీ ఒంటికి హత్తుకుని, మీరు నేల మీదే కూర్చుని ఎత్తండి. దించేటప్పుడు నాలుగు కాళ్లూ నేలకి ఆనేదాకా వదలొద్దు.

వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండిపోతుంది, "చూడండి, ఎంత హాయిగా నిద్రపోతోందో" అని వీడియోలు తీసేవాళ్లున్నారు. అది నిద్ర కాదు. పులి నోట చిక్కిన జంతువు చచ్చినట్టు పడిపోతుంది చూడండి, అలాంటి భయం. దయచేసి చేయకండి.

అది సంతోషంగా ఉందో, భయపడుతోందో ఎలా తెలుస్తుంది? అరవదు కదా.

అరవదు గానీ ఒంటితో అన్నీ చెప్తుంది. పరిగెత్తుతూ పరిగెత్తుతూ గాలిలోకి ఎగిరి, తల ఒకవైపు నడుము ఒకవైపు మెలితిప్పిందంటే అంతకు మించిన ఆనందం దానికి లేదు. ఉన్నట్టుండి పక్కకి ధబ్బున పడిపోయి కాళ్లు చాపేస్తే, మొదటిసారి చూసినవాళ్లు ఏమైందోనని హడలిపోతారు. అది పూర్తి నిశ్చింతతో పడుకోవడం. మీరున్న గదిలో అలా పడుకుందంటే మిమ్మల్ని నమ్మినట్టే.

గడ్డం తెచ్చి కుర్చీ కాలికీ, గుమ్మానికీ, మీ చెప్పుకీ రుద్దుతుంది. గడ్డం కింద ఉన్న గ్రంథుల వాసన అంటించి "ఇది నాది" అని గుర్తు పెట్టుకోవడం అది. మీ చేతిని నాకితే ప్రేమ. ముక్కుతో గట్టిగా పొడిస్తే నన్ను చూడమని, లేదా అడ్డు తప్పుకోమని. వెనకకాలితో నేలని ధన్‌మని కొడితే ప్రమాదమని హెచ్చరిక. అప్పుడు తిట్టకుండా చుట్టూ చూడండి, పెరట్లో పిల్లి వచ్చిందేమో, పాము వాసన తగిలిందేమో.

పళ్ల చప్పుడులో తేడా తెలుసుకోవాలి. నుదురు రాస్తున్నప్పుడు మెల్లగా, సన్నగా పళ్లు ఆడిస్తే హాయిగా ఉందని. ముడుచుకుని, కళ్లు సగం మూసి, పటపటమని గట్టిగా కొరికితే నొప్పి. ఈ రెండోది విన్న రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

తెల్లటి కుందేళ్లు, ఎర్ర కళ్లవి, కొన్నిసార్లు తలను అటూ ఇటూ మెల్లగా ఊపుతూ చూస్తాయి. వాటి చూపు తక్కువ, అలా ఊపితే దూరం అంచనా దొరుకుతుంది. అలాంటి కుందేలు దగ్గరికి మాట్లాడుతూ వెళ్లండి, ఎక్కువ వెలుగు లేని చోట ఉంచండి.

ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పిల్లలు హిందీ. దీన్ని ఏ భాషలో పిలవాలి?

ఏదైనా సరే, అందరూ ఒకే పిలుపు పిలవాలి. నాన్న "చిట్టీ" అని, అమ్మ "బుజ్జీ" అని, పిల్లలు "బన్నీ" అని పిలిస్తే దానికి ఏదీ అందదు. రెండు అక్షరాల పేరు పెట్టి, మేత పెట్టే ముందు ప్రతిసారీ అదే గొంతుతో పిలవండి. కొన్నాళ్లకి ఆ పిలుపుకి పరిగెత్తుకొస్తుంది. పేరు పిలిచి తిట్టడం, పిలిచి పట్టుకుని గోళ్లు తీయడం మాత్రం చేయొద్దు.

ఇన్నాళ్లూ బాగానే ఉండేది. ఇప్పుడు బోనులో చెయ్యి పెడితే గుర్రుమని మీదికొస్తోంది, కొరికింది కూడా.

వయసెంత? నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుందేలు యుక్తవయసుకి వస్తుంది. అప్పుడు తన చోటు మీద పట్టు పెరుగుతుంది. కాళ్ల చుట్టూ తిరగడం, గుర్రుమనడం, అక్కడక్కడా మూత్రం చిమ్మడం అప్పుడే మొదలవుతాయి. పిల్లలు పెట్టించే ఉద్దేశం లేకపోతే ఆపరేషన్ చేయించడమే దీనికి సరైన దారి. ఆడ కుందేలుకైతే ఇంకా అవసరం, ఆపరేషన్ చేయించని ఆడవాటికి వయసు మీద పడ్డాక గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. కుందేళ్లకి ముందు చేసిన అనుభవం ఉన్న డాక్టరునే చూసుకోండి. ఇంకో మాట: ఆపరేషన్ ముందు కుందేలును పస్తు పెట్టకూడదు. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగు ఆగకుండా కదులుతూ ఉండాలి. ముందు రాత్రినుంచి ఏమీ పెట్టొద్దని ఎవరైనా అంటే, ఆ డాక్టరుకి కుందేళ్లతో అలవాటు తక్కువేమో ఆలోచించుకోండి.

ఈలోగా అది బోనులో ఉన్నప్పుడు చెయ్యి పెట్టొద్దు. అది బయట తిరిగేటప్పుడే బోను శుభ్రం చేయండి. కొరికినందుకు కొట్టొద్దు. కొరికిన చోట సబ్బుతో బాగా కడుక్కుని డాక్టరుకి చూపించుకోండి.

బోనులో ఉంచాలా, ఇంట్లో వదలాలా?

బోను పడకకి మాత్రమే. రోజూ కొన్ని గంటలైనా బయట తిరగనిస్తేనే కుందేలు మీతో కలుస్తుంది, ఇరవైనాలుగ్గంటలూ బోనులో ఉన్నది మచ్చిక అవ్వడం కష్టం. ఇనుప తీగల అడుగు ఉన్న బోను కొనొద్దు. కుందేలు పాదాల కింద కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే ఉంటుంది, తీగల మీద నిలబడి నిలబడి పుండ్లు పడతాయి. కొనేసి ఉంటే మీద చెక్క, దానిపైన ఉతికిన గోనెపట్టా వేయండి.

నున్నటి టైల్స్ గది మధ్యకి రాని కుందేళ్లు చాలా ఉన్నాయి. కాలు జారుతుందని వాటి భయం. పాత దుప్పటో, జనపనార పట్టాయో దారిలా పరిచి చూడండి, ఆ సాయంత్రమే తేడా కనిపిస్తుంది. కరెంటు వైర్లు, ఫోను ఛార్జర్లు అందకుండా ఎత్తున పెట్టండి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకడం దాని అవసరం. పెరట్లో ఒంటరిగా వదలొద్దు: కుక్కలు, పిల్లులు, ముంగిసలు, కోతులు ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లు వాసనొస్తుందని వద్దంటున్నారు.

కుందేలు శుభ్రమైన జంతువండి, ఒక మూలకే మూత్రం పోసే అలవాటు దానికి సహజంగానే ఉంది. అది ఎంచుకున్న మూలలో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అడుగున పాత పేపర్లు, పైన ఎండుగడ్డి వేయండి. గడ్డి తింటూ అక్కడే పని కానిచ్చుకుంటుంది. ఇంకోచోట పోస్తే పేపరుతో తుడిచి, ఆ తడిసిన పేపరు ఆ టబ్బులో వేయండి, రెండు మూడు రోజుల్లో గ్రహిస్తుంది. రోజూ మార్చితే వాసన రాదు. పెంటికలు ఎండిపోయినవి గులాబీ మొక్కలకి మంచి ఎరువు. మామ్మగారి తులసికోట పక్క మొక్కలు ఏపుగా పెరిగితే ఆవిడే అడిగి వేయించుకుంటారు.

ఎండాకాలం ఎలా గట్టెక్కించాలి?

మా వైపు మచ్చిక కన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. కుందేలుకి చెమట పట్టదు. చెవుల్లోని రక్తనాళాల ద్వారానే ఎక్కువ వేడి బయటికి పోవాలి. గది వేడి 28, 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. గుణుపురం, రాయగడలో మే నెలలో 40 దాటే రోజులుంటాయి. బరంపురంలో అంకె తక్కువ కనిపించినా సముద్రపు ఉక్క కలిసి ఇంకా ప్రమాదం. కోరాపుట్ కొండమీదివాళ్లకి ఈ బాధ తక్కువ, వాళ్లు చలికాలపు రాత్రి గాలి తగలకుండా చూసుకుంటే చాలు.

రేకుల కప్పు కింద, డాబా మీద, అద్దాల వరండాలో ఎండాకాలం కుందేలు ఉండకూడదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది, కింది అంతస్తు, ఉత్తరం వైపుది దానికివ్వండి. నీళ్ల సీసా గడ్డకట్టించి పాత తువ్వాలులో చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. ఒకటి కరిగేలోగా ఇంకొకటి ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉండాలి. కరెంటు పోతుంది కాబట్టి ఫ్యాను మీదే ఆధారపడొద్దు. నాపరాయి పలక, మట్టి పెంకు తడిపి పెట్టినా చల్లదనం ఉంటుంది. నీళ్లు ఒరిగిపోని బరువైన మట్టి మూకుడులో, రోజుకి రెండుమూడుసార్లు మార్చి పెట్టండి. చాలా కుందేళ్లు సీసా గొట్టం కన్నా గిన్నెలోనే ఎక్కువ తాగుతాయి. తడిచేత్తో చెవుల వెనక రాస్తే వేడి తగ్గుతుంది, దీనికి ఒప్పుకునేలా ముందే అలవాటు చేసుకుంటే మే నెలలో మేలు చేస్తుంది.

నోరు తెరిచి ఎగశ్వాస, చెవులు కాలిపోవడం, చొంగ, వాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్లతో చెవులు, పాదాలు తడిపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఐసు నీళ్లలో ముంచడం తగదు, ఆ అదురుకే పోతుంది.

ఎండరోజుల్లో అది మీ దగ్గరికి రాకపోతే అలిగిందనుకోవద్దు. ఆ వేడిలో దానికి కదలాలని ఉండదు. కూర్చునే వేళ మార్చుకోండి, తెల్లారకముందో, రాత్రి చల్లబడ్డాకో.

ఏం పెట్టాలి? క్యారెట్లు చాలా?

క్యారెట్ తీపి, అదే పనిగా పెట్టొద్దు. తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. పళ్లు అరగడానికీ, పేగు కదలడానికీ గడ్డిలోని పీచు కావాలి. ఊళ్లో దొరికేవి గరిక, దశరథ గడ్డి, ఎండబెట్టిన పచ్చిగడ్డి. వరిగడ్డిలో సారం తక్కువ, పక్కకీ కొరుక్కోడానికీ మాత్రం బాగుంటుంది. ఆన్‌లైన్‌లో వచ్చే తిమోతి గడ్డి మంచిదే, ఖరీదు. పత్తి చేల గట్ల మీద, మందు కొట్టిన చోట, కుక్కలు తిరిగే రోడ్డు పక్క కోసిన గరిక వద్దు. ఎక్కడిదైనా కడిగి నీడన ఆరబెట్టి వేయండి.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు రోజూ కొంచెం. పాలకూర, తోటకూర, మునగాకు అప్పుడప్పుడే. అన్నం, రొట్టె, బిస్కెట్లు, మరమరాలు, పాలు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్ అస్సలు వద్దు. "మా పిల్లవాడు బిస్కెట్ పెడితేనే దగ్గరికొస్తుంది" అంటారు. అది దగ్గరికి రావడానికి కొత్తిమీర కాడ, వేలి గోరంత అరటిపండు ముక్క చాలు. అసలు తాయిలాలన్నీ చేతి నుంచే ఇవ్వండి, గిన్నెలో వేయకండి. ఇష్టమైనదంతా మీ చేతి దగ్గర దొరుకుతుందని దానికి తెలియాలి.

పొద్దుటినుంచి ఏమీ తినలేదు. రేపు చూద్దామా?

చూడొద్దు. కుందేలు 12 గంటలు తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా, చిన్నవైపోయినా అది అత్యవసరం. పేగు కదలిక ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మచ్చికైన కుందేలుతో ఇక్కడే అసలు లాభం: పొద్దున్న కొత్తిమీర కాడకి పరిగెత్తుకు రాలేదంటే ఏదో తేడా ఉందని వెంటనే పసిగడతారు. దాచుకోవడం దాని స్వభావం, నొప్పిని చివరిదాకా బయటపెట్టదు.

ఊరి పశువుల ఆస్పత్రిలో ముందు చూపించండి. అక్కడ కుదరకపోతే భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడవాళ్లకి ఆంధ్రా వైపు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల దగ్గర పడుతుంది. అవసరం రాకముందే ఏ డాక్టరు కుందేళ్లని చూస్తారో కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.

ఇంట్లో ఉన్న మందులు వేయొద్దు. నోటి ద్వారా అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, కుందేలునే చంపేస్తాయి. కుక్కల పేల కోసం అమ్మే ఫిప్రోనిల్ చుక్కలు కూడా దీనికి విషం. చెవుల అంచున, ముక్కు మీద పొక్కు కట్టిన తెల్లటి పొట్టు కనిపిస్తే గజ్జి. డాక్టరు ఇంజెక్షనుతో తగ్గుతుంది, నూనెలు, కిరసనాయిలు పూయొద్దు.

తన పెంటికలు తానే తింటోంది. జబ్బా?

కాదు. గుత్తిగా అంటుకుని, మెత్తగా, మెరుస్తూ ఉండే ఒక రకం పెంటికల్ని నేరుగా తీసుకుని తింటుంది. వాటిలో దానికి కావాల్సిన విటమిన్లుంటాయి. ఆపొద్దు.

స్నానం చేయించాలా?

వద్దు. తనని తాను నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. తడిస్తే ఒళ్లు చల్లబడి, బెదిరి ప్రాణానికే ముప్పు. మురికైన చోట తడిగుడ్డతో తుడవండి. బొచ్చు రాలే కాలంలో మెత్తటి దువ్వెనతో రోజూ దువ్వండి, దువ్వడం కూడా చేరువకే పనికొస్తుంది.

సంతలో జత అని చెప్పి రెండు ఇచ్చారు. ఒకటే ఉంటే మనకి బాగా అలవాటవుతుంది కదా?

కుందేలు గుంపులో బతికే జీవి. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇంట్లో ఒంటరిగా ఉంచడం కన్నా సరిపడే జోడీ ఉండటం మేలు. జోడీ ఉంటే మనల్ని మర్చిపోతుందన్న భయం అక్కర్లేదు. ధైర్యంగా ఉన్న ఒకటి మీ దగ్గరికి రావడం చూసి రెండోది కూడా వస్తుంది.

అయితే సంతలో చెప్పిన ఆడా మగా నమ్మొద్దు. చిన్నప్పుడు గుర్తుపట్టడం కష్టం, డాక్టరు చేత చూపించండి. నిజంగా ఆడామగా అయితే నాలుగో నెల రాకముందే విడదీయాలి. గర్భం దాదాపు 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కడుపు కట్టగలదు. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు విడిగా ఉంచాలి. రెండు మగవైతే పెద్దయ్యాక తీవ్రంగా కొట్టుకుంటాయి.

కొనేటప్పుడు మరీ గుప్పెడంత పిల్లని తీసుకోకండి. ఎనిమిది వారాలదాకా తల్లి దగ్గర ఉండాలి. "ఇది ఇంతే ఉంటుంది, పెరగదు" అన్నది చాలాసార్లు తల్లిని వదిలిన పసికూనే, మెల్లగా రెండు మూడు కిలోలవుతుంది.

చేలో చెవులపిల్లి పిల్ల దొరికింది. పెంచుకోవచ్చా?

కూడదు. అది అడవి కుందేలు, ఇంట్లో పెంచే కుందేలుకీ దానికీ జాతే వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం, పెంచడం నేరం. పైగా అది మచ్చిక అవ్వదు, బెదిరి చనిపోతుంది. పిల్ల ఒంటరిగా కనిపించినంత మాత్రాన అనాథ కాదు. తల్లి పగలంతా దూరంగా ఉండి, చీకటిపడే వేళ వచ్చి పాలిచ్చి పోతుంది. కదిలించకుండా వచ్చేయండి. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖవాళ్లకి చెప్పండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో పెంచొచ్చా?

పెంచొచ్చు, కానీ బాధ్యత పెద్దవాళ్లదే. పిల్లలకి ఒకే నియమం చాలు: కుందేలుతో ఉన్నప్పుడు కూర్చునే ఉండాలి, అదొస్తేనే ముట్టుకోవాలి. ఆరేళ్లలోపు పిల్లల్ని ఎవరూ లేకుండా దాని దగ్గర వదలొద్దు. పుట్టినరోజు బహుమతిగా మాత్రం కుందేలు తేకండి. పదేళ్ల పని అది.

ఠాకురాణి యాత్ర, దీపావళి, పెళ్లి ఊరేగింపులు, తుఫానులు. అప్పుడేం చేయాలి?

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తే వీధులన్నీ డప్పులే. గట్టి చప్పుడుకి బెదిరిన కుందేలు గుండె ఆగి పోయిన సందర్భాలున్నాయి. వీధికి దూరంగా ఉన్న లోపలి గదిలో తలుపులు మూసి, పెట్టెమీద దుప్పటి కప్పి, కాస్త గాలి ఆడేలా చూసి, మామూలుగా వినే రేడియో సన్నగా పెట్టండి. వీలైతే మీరూ అక్కడే నేల మీద కూర్చోండి. భయపడినప్పుడు ఎత్తుకుని ఓదార్చాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. పక్కన ఉంటే చాలు.

తుఫాను సంగతి మనకి కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అక్టోబరు రాకముందే వారానికి సరిపడా ఎండుగడ్డి డబ్బాలో పెట్టి ఉంచండి. పట్టుకెళ్లే బుట్ట తలుపు తీసి ఎప్పుడూ గదిలోనే పెట్టి, అందులోనే అప్పుడప్పుడు మేత వేస్తుంటే, ఇల్లు వదలాల్సిన రోజు తనంతట తనే ఎక్కుతుంది.

నెలలు గడిచాయి. అన్నీ చేశాం. ఇంకా ఒళ్లోకి రావడం లేదు.

కొన్ని కుందేళ్లు ఎప్పటికీ ఒళ్లోకి రావు. దానర్థం మీరు ఓడిపోయారని కాదు. మీరు గదిలోకొస్తే పారిపోకుండా తింటూనే ఉందా? మీ అడుగుల మధ్యనుంచి బెదరకుండా వెళ్తోందా? మీరు కూర్చున్న చాపకి మూరెడు దూరంలో కాళ్లు చాపి పడుకుంటోందా? అయితే అది మిమ్మల్ని నమ్మింది. ఆ మూరెడు దూరం దాని ఇష్టం, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో తీయించుకోవాలన్న కోరికతో ఆ నమ్మకాన్ని పాడుచేసుకున్నవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంతకుముందు దగ్గరికొచ్చే కుందేలు ఉన్నట్టుండి దూరమైతే మాత్రం పళ్లు, పాదాలు, చెవులు చూపించండి. సాధారణంగా ఎక్కడో నొప్పి ఉంటుంది.

పండక్కి శ్రీకాకుళం వెళ్లాలి. వెంట తీసుకెళ్లాలా, వదిలి వెళ్లాలా?

రెండు మూడు రోజులైతే ఇంట్లోనే ఉంచి, దానికి తెలిసిన మనిషి పూటపూటా వచ్చి చూసేలా ఏర్పాటు చేయండి. ప్రయాణం దానికి శ్రమ. వచ్చే మనిషి మీరుండగానే నాలుగైదు సాయంత్రాలు నేల మీద కూర్చుని కొత్తిమీర పెట్టి పరిచయం చేసుకోవాలి. వాళ్లకి ఒక కాగితం మీద మూడు మాటలు రాసివ్వండి: గడ్డి ఎప్పుడూ అయిపోకూడదు, నీళ్లు పూటపూటా మార్చాలి, ఒక పూట తినకపోయినా పెంటికలు లేకపోయినా వెంటనే ఫోను చేయాలి. డాక్టరు నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి.

తీసుకెళ్లక తప్పకపోతే పొద్దున్నే చల్లటి వేళ బయల్దేరండి. గాలాడే గట్టి బుట్టలో దాని పాత గోనెపట్టానే వేయండి, తన వాసన తనకి ధైర్యం. తడి ఎక్కువున్న ముల్లంగి ఆకు దారిలో పెట్టండి, నీళ్ల గిన్నె కుదుపుకి ఒలికిపోతుంది. చేరాక బుట్ట తలుపు తీసి పక్కకి జరగండి, అదే బయటికొస్తుంది.